ఇంటిపట్టున ఎవరుంటారు?

మా అమ్మ మద్రాసులో ట్రంకు ఆపరేటరుగా పనిచేసింది. ఇప్పటి పిల్లలకు ఆ ఉద్యోగం గురించి చెబితే కట్టుకథ వింటున్నట్టు చూస్తారు. పొరుగూరికి ఫోను చేయాలంటే 180 తిప్పి కాల్ బుక్ చేసుకుని, ఫోను పక్కనే కాచుకుని కూర్చోవాలి. ఆర్డినరీ, అర్జెంటు, లైట్నింగు అని మూడు రకాలు. అర్జెంటుకు రెట్టింపు, లైట్నింగుకు ఎనిమిది రెట్లు. లైట్నింగు కాల్ వచ్చిందంటే ఎవరో పోయారన్నా అయుండాలి, అవతల పెద్ద వ్యాపారి అన్నా అయుండాలి అనేది అమ్మ. చెవులకు హెడ్‌ఫోను, ఒక చేత్తో బోర్డులో కార్డులు గుచ్చడం, ఇంకో చేత్తో టికెట్ మీద టైము రాయడం. మూడు నిమిషాలు కాగానే "త్రీ మినిట్స్ ఓవర్" అని మధ్యలో దూరాలి. ఆ ముక్క నిద్రలో కూడా అనేది. నేనూ తమ్ముడూ కొట్టుకుంటుంటే కూడా అదే అని విడదీసేది.

తెలుగు వచ్చు కాబట్టి నెల్లూరు, గూడూరు, విజయవాడ లైన్లు ఎక్కువగా అమ్మకే పడేవి. నెల్లూరు ఎక్స్ఛేంజిలో ఒకావిడతో గొంతు స్నేహం. పండక్కి ఏం వండారు, పిల్లకి జ్వరం తగ్గిందా అని లైను ఖాళీగా ఉన్నప్పుడు రెండు ముక్కలు. ఇద్దరూ ఒకర్నొకరు ఎప్పుడూ చూసుకోలేదు.

డ్యూటీలు మాత్రం మహా ఘోరం. ఒక వారం పొద్దున, ఒక వారం సాయంత్రం, మధ్యలో నైట్లు. వీటన్నిటికంటే అమ్మ తిట్టుకున్నది స్ప్లిట్ డ్యూటీని. పొద్దున నాలుగు గంటలు చేసి ఇంటికొచ్చి, మళ్ళీ సాయంత్రం వెళ్ళాలి. మాంబళం స్టేషనులో ఎలక్ట్రిక్ ట్రెయిన్ ఎక్కి బీచ్ వైపు వెళ్ళడం, రావడం, మళ్ళీ వెళ్ళడం. అప్పట్లో అది మీటరుగేజి. ఆడవాళ్ళ పెట్టెలో సగం వంటిల్లు నడిచేది. రంగనాథన్ వీధిలో కొన్న చిక్కుడుకాయలు అక్కడే ఒలిచేవాళ్ళు, వెల్లుల్లి పొట్టు తీసేవాళ్ళు, పూలు కట్టేవాళ్ళు. నుంగంబాకం దాటేసరికి కూర తరుగు సిద్ధం. సెలవుల్లో అమ్మతో వెళ్ళినప్పుడు ఎవరో ఒక మామీ నా ఒళ్ళో బఠాణీలు పోసి ఒలవమనేది.

మేం ఉన్నది వెస్ట్ మాంబళంలో ఒక పోర్షన్లో. ముందు హాలు, వెనక వంటిల్లు, నడవాలో అందరికీ కలిపి ఒక బావి, ఇంటి ముందు చేతిపంపు. పక్క పోర్షన్లో తంజావూరు వాళ్ళు, వెనక కడప వాళ్ళు. మద్రాసులో ఇలాంటి ఇంట్లో కాపురం చేసినవాళ్ళకు ఒక సంగతి తెలుస్తుంది. ఇంట్లో ఒక మనిషి పగలంతా ఉండి తీరాలి. నీళ్ళ లారీ ఎప్పుడొస్తుందో తెలీదు. రేషన్ షాపులో పంచదార వచ్చిందని కబురొస్తే వెంటనే సంచీ పట్టుకుని పరిగెత్తాలి. గ్యాసు బండ తెచ్చినవాడు తలుపు తీయకపోతే వెనక్కి పట్టుకుపోతాడు. పిల్లల్ని పెంచడానికి తల్లి ఇంట్లో ఉండాలా వద్దా అని పెద్ద పెద్ద మాటలు మాట్లాడేవాళ్ళు ఈ నీళ్ళ లారీ సంగతి ఎత్తరు. మా ఇంట్లో మాత్రం అసలు చర్చ దానిమీదే నడిచింది.

ఆ చర్చ తమ్ముడు పుట్టినప్పుడు, 1979లో. అప్పుడు అమ్మకు 90 రోజుల మెటర్నిటీ లీవు. నేను పుట్టినప్పుడు అమ్మమ్మ వచ్చి ఉంది, నేను బడికి వెళ్ళేదాకా గడిపేశారు. రెండో కాన్పుకు అమ్మమ్మ లేదు. లీవు అయిపోతుందనగా గూడూరు నుంచి తాతయ్య, చిన్నాన్న వచ్చారు. హాల్లో చాప వేసుకుని కూర్చున్నారు. నాకప్పుడు ఆరేళ్ళు. అర్థం కాకపోయినా గొంతులు గుర్తున్నాయి. ఉద్యోగం మానేయమని తాతయ్య. నాన్న మాట్లాడలేదు. నాన్న అంబత్తూరులో ఒక చిన్న ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. అక్కడ ఎప్పుడు లాకౌట్ పడుతుందో, ఏ నెల జీతం ఏ తారీఖున వస్తుందో దేవుడికే తెలియాలి. అమ్మది కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం, పెన్షన్ ఉన్నది. లెక్క చూస్తే ఇంట్లో ఉండాల్సింది నాన్నే. ఆ మాట ఎవరి నోటా రాలేదు. మా నాన్న మంచివాడే, ఆదివారాలు నీళ్ళు మోసేవాడు, నాకు జడ కూడా వేసేవాడు. అయినా ఆయన్ని ఎవరూ అడగలేదు, ఆయనకూ తట్టలేదు.

అప్పుడు గుమ్మం దగ్గర కూర్చున్న పెద్దత్త నోరు తెరిచింది. "నేనుంటాలే. అది ఉద్యోగం చేసుకోనీ."

పెద్దత్త అంటే నాన్నకు పెద్దక్క. చిన్నప్పుడే పెళ్ళయింది, పిల్లలు పుట్టకముందే మామయ్య పోయాడు. గూడూరులో తాతయ్య ఇంట్లోనే ఉండేది. ఆవిడకు ఒక కుట్టుమిషను ఉండేది. ఊళ్ళో సగం మంది రవికలు ఆవిడ కుట్టినవే. లంగాలు, గౌన్లు, స్కూలు యూనిఫారాలు, సంక్రాంతి ముందు అర్ధరాత్రి దాకా మిషను చప్పుడు. పోస్టాఫీసులో సొంత పాసుబుక్కు. తాతయ్య దగ్గర చేయి చాపకుండా బతుకుతున్న మనిషి. చాప మీద కూర్చుని అమ్మ ఉద్యోగాన్ని అటూ ఇటూ తూచిన పెద్దమనుషులు పెద్దత్త పనిని అసలు తక్కెడలోనే వేయలేదు. "దానికేముంది, ఊరికే ఉంది కదా" అన్నాడు చిన్నాన్న. మిషను ఎవరికో అమ్మేశారు. ఆ డబ్బుతో తమ్ముడికి వెండి మొలతాడు చేయించుకొచ్చింది పెద్దత్త.

ఆవిడ వచ్చాక మా ఇల్లు ఒక దారిలో పడింది. నైట్ డ్యూటీ చేసి అమ్మ పొద్దున వచ్చి పడుకుంటే, మేము గట్టిగా తుమ్మినా పెద్దత్త కళ్ళెర్ర చేసేది. "రేయంతా మాటలు మోసొచ్చింది, పడుకోనీండి దాన్ని" అనేది. తమ్ముడు మొదట మాట్లాడిన ముక్కలన్నీ గూడూరు ముక్కలు. కేసరి స్కూల్లో తెలుగు మాస్టారు వాడి యాస విని "నెల్లూరా?" అని అడిగారు. మాంబళంలో పుట్టి పెరిగినవాణ్ణి!

1981 జనాభా లెక్కలకు ఒక బడిపంతులు వచ్చాడు. తమిళాయన. పేరు, వయసు, చదువు, పని అని వరసగా అడుగుతూ రాసుకుంటున్నాడు. నాన్న పని రాశాడు, అమ్మ పని రాశాడు. పెద్దత్త వంతు వచ్చేసరికి ఇంట్లో ఉంటారు కదా అని టక్కున ఏదో వేసేశాడు. ఏం రాశాడో చూడమని పెద్దత్త నన్ను పంపింది. నాకు తమిళం చదవడం వచ్చు. పని చేయనివాళ్ళ లెక్కలో ఉంది. ఇంటిపని చేసేవాళ్ళను సెన్ససులో అలాగే రాస్తారు, ఆయన తప్పేం లేదు. పెద్దత్త మాత్రం ఆయన ముందు పెట్టబోయిన కాఫీ గ్లాసు మళ్ళీ లోపలికి పట్టుకెళ్ళింది. "పని లేనిదాన్ని కదా, కాఫీ ఎట్టా కలపతాను?" ఆయనకు తెలుగు అర్థమైందో లేదో గానీ, అమ్మ నవ్వాపుకోలేక బావి దగ్గరికి వెళ్ళిపోయింది.

ఆ నవ్వు తర్వాత అమ్మ ఆలోచనలో పడిందని నా అనుమానం. ఎందుకంటే ఆ ఏడాది దీపావళికి బోనస్ రాగానే ఉషా మిషను కొనుక్కొచ్చింది. రిక్షాలో దాన్ని దించుతుంటే వీధంతా చూసింది. పెద్దత్త "ఎందుకే డబ్బులు తగలేశావు" అంటూనే కవరు విప్పి, చక్రం తిప్పి, కుట్టు వేసి చూసుకుంది. నెల తిరిగేసరికి పాండీ బజారులో ఒక చీరల కొట్టువాడు ఫాల్స్ కుట్టడానికి మూటలు పంపడం మొదలెట్టాడు. తర్వాత రవికలు. మామీలకు పొడుగు చేతులు, కాలేజీ పిల్లలకు పొట్టి చేతులు. తర్వాత తర్వాత దీపావళి ముందు పదిహేను రోజులు పెద్దత్త మా మొహం చూసేది కాదు. "మీ అమ్మను సెలవు పెట్టమను. ఇది నా సీజను." అమ్మ నోరు మూసుకుని ఎర్నెడ్ లీవు పెట్టేది. ఇంట్లో ఉన్న మనిషి సెలవు ప్రకటిస్తే ఆఫీసుకు వెళ్ళే మనిషి సర్దుకోవడం మా వీధిలో ఇంకెక్కడా చూడలేదు నేను.

1983 ఎండాకాలం మద్రాసులో నీళ్ళ కరువు. చెరువులు ఎండిపోయాయి. పంపు కొట్టీ కొట్టీ చేతులు బొబ్బలెక్కేవి, లారీ వస్తే వీధి వీధంతా రంగు రంగుల ప్లాస్టిక్ బిందెల వరస. ఆ ఏడాదే ఎన్టీఆర్, ఎంజీఆర్ తెలుగుగంగ ఒప్పందం చేసుకున్నారు. మన కృష్ణ నీళ్ళు మద్రాసుకొస్తాయట అని మేమంతా వీధిలో కాలరెగరేశాం. అవి నిజంగా వచ్చేసరికి 1996 అయింది, ఊరు పేరు కూడా చెన్నై అయిపోయింది. ఈ పదమూడేళ్ళూ క్యూలో నిలబడ్డది ఎవరు? పెద్దత్త, మామీలు, వెనక పోర్షన్ కడప పిన్ని. మధ్యాహ్నం లారీ వస్తే కడప పిన్ని మా బిందెలూ పట్టేది, పెద్దత్త వాళ్ళ పిల్లాడికి అన్నం పెట్టేది. ఆ పిన్నికి పెళ్ళితో చదువాగిపోయింది. ఇలా ఆగిపోయిన ఆడవాళ్ళకు రెండేళ్ళలో మెట్రిక్ కట్టించే కోర్సు ఆంధ్ర మహిళా సభలో ఉండేది. ఆ సభను మద్రాసులో మొదలెట్టింది దుర్గాబాయి దేశ్‌ముఖే. పిన్ని అందులో చేరి పాసైంది. ఆ రెండేళ్ళు వాళ్ళ పిల్లాడు మా ఇంట్లోనే పెరిగాడు.

అమ్మను అందరూ అడిగే ప్రశ్న ఒకటుండేది. "పిల్లల్ని వదిలి ఎట్లా ఉండగలుగుతున్నావమ్మా?" పెళ్ళిళ్ళలో, తిరుపతి క్యూలో, డాక్టరు దగ్గర, ఎక్కడైనా. అమ్మ దగ్గర ఒకటే సమాధానం. "ఏం చేస్తాం, గడవాలి కదా." అవతలివాళ్ళు అయ్యో అని ఊరుకునేవాళ్ళు. ఒక్క జీతంతో గడవని మాట నిజమే. కానీ సగం నిజం. నేను కాలేజీలో ఉండగా ఒకరోజు ట్రెయిన్లో అడిగితే చెప్పింది. ఆ బోర్డు ముందు కూర్చోవడం ఇష్టమట. రాత్రి రెండు గంటలకు క్యాంటీన్ కాఫీ, పక్క సీటు కేరళ అమ్మాయి పాడే పాటలు, ఎవరో కొడుకు దుబాయ్ నుంచి మాట్లాడుతుంటే తల్లి ఏడుపు విని తానూ కళ్ళు తుడుచుకోవడం, ఇవన్నీ ఇష్టమట. "ఇష్టమని చెబితే ఊరుకుంటారా? ఇబ్బంది అని చెబితేనే ఊరుకుంటారు." అమ్మ తరంలో ఎంతమంది ఆడవాళ్ళు ఇష్టమైన ఉద్యోగాన్ని ఇబ్బంది పేరు చెప్పి కాపాడుకున్నారో!

తర్వాత ఎస్టీడీ బూతులు సందుసందుకీ వచ్చాయి. ట్రంకు బోర్డులు మూలపడ్డాయి. అమ్మను బిల్లుల కౌంటరులో కూర్చోబెట్టారు. ఆ పని ఆవిడకు నచ్చలేదు, రిటైరయ్యేదాకా సణుగుతూనే ఉంది.

నా వంతు 1999లో వచ్చింది. నేనప్పుడు ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉన్నాను. వై2కే హడావిడి, తారీఖులు రెండంకెల నుంచి నాలుగంకెలకు మార్చే పని. ఇంటికి ఏ రాత్రికో చేరేదాన్ని. ఆ మధ్యలో పాప పుట్టింది. అప్పటి చట్టం, 1961 నాటిది, పన్నెండు వారాలు ఇచ్చేది. పెద్దత్త అంతకుముందు ఏడాదే పోయింది. అత్తగారు కావలిలో మామగారి పక్షవాతం చూసుకుంటూ కదల్లేని పరిస్థితి. అమ్మ "నేను ఉద్యోగం మానేస్తా" అంది. నేను వద్దన్నాను. మా ఆయన ఆయాను పెడదామన్నాడు. పెట్టాం. ఒకావిడ మంచిది, మూడో నెల వాళ్ళ కూతురి కాన్పుకని ఊరెళ్ళి తిరిగి రాలేదు. ఇంకొకావిడ టీవీ ముందు నుంచి లేచేది కాదు. చివరికి నేనే రాజీనామా చేశాను. తరమణిలో ఐటీ కంపెనీల కోసం టైడల్ పార్క్ తెరిచిన ఏడాది అది. నా బ్యాచ్ వాళ్ళంతా ఆ అద్దాల మేడలోకి మారుతుంటే నేను పాపను చంకనేసుకుని పానగల్ పార్కులో తిరిగేదాన్ని.

ఏడుస్తూ తిరిగానని అనుకోకండి. ఆ ఏళ్ళు నాకు బాగున్నాయి. మధ్యాహ్నం పాప పడుకున్నాక చదివినన్ని పుస్తకాలు మళ్ళీ ఎప్పుడూ చదవలేదు. పాపకు తెలుగు అక్షరాలు నేనే దిద్దించాను. బాధపెట్టినవి వేరే. బ్యాంకు ఫారంలో వృత్తి అన్నచోట ఏం రాయాలో తోచక పెన్ను ఆగడం. మా ఆయన జీతంలోంచే ఆయనకు పుట్టినరోజు చొక్కా కొనడం. పాత టీములో వాళ్ళు ఫోనులో మాట్లాడుకునే కొత్త టెక్నాలజీల పేర్లు వింటుంటే కడుపులో ఏదో టెన్షన్. పాప ఒకటో క్లాసులో చేరాక మళ్ళీ ప్రయత్నించాను. ఒక ఇంటర్వ్యూలో నాకంటే చిన్న కుర్రాడు "ఇన్నేళ్ళ గ్యాప్‌లో ఏం చేశారు మేడమ్?" అన్నాడు. పెద్దత్త అయితే కాఫీ గ్లాసు లోపలికి పట్టుకుపోయేది. నేను మాత్రం మర్యాదగా ఏదో చెప్పొచ్చాను. ఉద్యోగం రాలేదు. తర్వాత ఒక స్కూల్లో పన్నెండో తరగతి వాళ్ళకు కంప్యూటర్ సైన్స్ చెప్పడానికి చేరాను, ఇప్పటికీ అదే.

సెలవుల విషయంలో ఒక్కో మెట్టూ ఎంత నెమ్మదిగా వచ్చిందో తలుచుకుంటే నవ్వొస్తుంది. కేంద్ర ఉద్యోగినులకు 90 రోజులు 1997లో 135 అయ్యాయి, 2008లో 180. ఆ ఏడాదే పిల్లల పెంపకానికి సర్వీసు మొత్తంలో 730 రోజులు చైల్డ్ కేర్ లీవు కూడా వచ్చింది. ఏజీ (అకౌంటెంట్ జనరల్) ఆఫీసులో చేసే మా పిన్ని కూతురు దాన్ని కొడుకు పదో తరగతి పరీక్షలకు వాడుకుంది. ప్రైవేటు వాళ్ళకు 2017లో చట్టం మార్చి, మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాలు చేశారు. యాభై మందో అంతకంటే ఎక్కువో పనిచేసే చోట క్రెష్, అంటే పసిపిల్లల్ని చూసుకునే చోటు, ఉండాలన్నారు, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్ళి బిడ్డను చూసుకోవచ్చన్నారు. బాగుంది. కాకపోతే ఈఎస్ఐ బీమా లేనివాళ్ళకు ఆ జీతమంతా యజమానే ఇవ్వాలి కాబట్టి, చిన్న కంపెనీవాడు పెళ్ళైన అమ్మాయి అప్లికేషన్ చూడగానే లెక్కలేసుకుంటాడు. తండ్రికైతే ప్రభుత్వంలో పదిహేను రోజులున్నాయి, ప్రైవేటులో చట్టమే లేదు. 2019లో కేంద్రం ఎవరు ఏ పనికి ఎంతసేపు వెచ్చిస్తున్నారని దేశమంతా సర్వే చేయించింది. జీతం లేని ఇంటిపనికి, ఆ పని చేసే ఆడవాళ్ళు రోజుకు 299 నిమిషాలు, చేసే మగవాళ్ళు 97 నిమిషాలు. ఈ నిమిషాలు లెక్కపెట్టడానికి ఇన్నాళ్ళు పట్టింది. పెద్దత్త ఉంటే, త్రీ మినిట్స్ ఓవర్ అనేదేమో అమ్మ గొంతు పెట్టి.

పాప ఇప్పుడు షోలింగనల్లూరులో పనిచేస్తోంది, నవంబరులో కాన్పు. మొన్న ఫోను చేసి ముందు నా మోకాళ్ళ నొప్పి గురించి, తర్వాత వాతావరణం గురించి అడిగింది. ఏదో ఉందని అర్థమైంది. "అమ్మా, నా లీవు అయ్యాక నువ్వొచ్చి ఉంటావా?" అంది చివరికి. నాకు రిటైర్మెంటు ఇంకా ఆరేళ్ళుంది, పన్నెండో తరగతి వాళ్ళను నడి సంవత్సరంలో వదలను అన్నాను. వెంటనే వియ్యపురాలు గుర్తొచ్చింది దానికి. ఆవిడ గుంటూరులో కర్రీ పాయింటు నడుపుతుంది. గోంగూర, దోసకాయ పప్పు, సాయంత్రం ఏడింటికల్లా గిన్నెలు ఖాళీ. ఆవిడ కూడా "నా షాపు ఎవరు చూస్తారమ్మా?" అందట. ఆ మాట విని నాకెంత సంతోషమేసిందో చెప్పలేను. పాప మాత్రం బిక్కమొహం వేసింది.

ఆదివారం అందరం వీడియో కాల్‌లో కూర్చున్నాం. మొదటి ప్రశ్న అల్లుడికే వేశాను. "మీ ఆఫీసులో నీకెన్ని సెలవులు?" కంపెనీ ఒక నెల ఇస్తుందట. కాన్పప్పుడే అన్నీ వాడేద్దామనుకున్నాడట. "అప్పుడు దాని లీవు ఎలాగూ ఉంటుంది నాయనా, వారం చాలు. మిగతావి జూన్లో వాడుకో" అన్నాను. అతను తల గీరుకుని సరేనన్నాడు. మేలో నాకు బడి సెలవులు, నేనొస్తాను. వియ్యపురాలు కాసేపు ఆలోచించి, "ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు వదినగారూ, ఆర్డర్లు తగ్గుతాయి. ఆ నెల నాది" అంది. ఆ తర్వాత ఆఫీసు క్రెష్. వాళ్ళిద్దరూ వెళ్ళి ముందే చూసి రావాలని, అక్కడ పిల్లల్ని చూసేవాళ్ళు ఎంతమందో, ఎవరో కనుక్కోవాలని చెప్పాను.

అల్లుడు ఇదంతా ఎక్సెల్ షీటులో వేసి గ్రూపులో పెట్టాడు. నెల, మనిషి, టికెట్లు అని గడులు. ఇంకో గడి పెట్టమన్నాను. "ఏం గడి అత్తయ్యా?" అన్నాడు. "జీతం" అన్నాను. వాళ్ళంతా నవ్వారు, వియ్యపురాలు నవ్వలేదు. మర్నాడు చూస్తే గడి ఉంది, అంకె మాత్రం వేయలేదు. కర్రీ పాయింటులో సాయానికి పెట్టుకున్న అమ్మాయికి నెలకెంత ఇస్తారో వియ్యపురాల్ని అడిగి చెప్తానన్నాను.